ఏటీఎం పదివేలు ఇవ్వలేదు, కొత్త బ్యాంకు జవాబివ్వడం లేదు: ఎవరిని అడగాలి?

తెలుగు సార్, హనుమకొండ (2024 ఆగస్టు 4)

అందరికీ నమస్కారం. నేను పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. జీతం ఖాతా ఇరవై ఏళ్లుగా వరంగల్ స్టేషన్ రోడ్డు వైపున్న ఒక ప్రభుత్వ బ్యాంకులోనే ఉంది. మేము ఇల్లు మారిన తర్వాత అది దూరమైంది. ఈ ఏడాది ఫిబ్రవరిలో, హనుమకొండలో కొత్తగా తెరిచిన ఒక ప్రైవేటు బ్యాంకు శాఖ తరఫున ఒక కుర్రవాడు ఇంటికి వచ్చి, పైసా ఉంచనక్కర లేని ఖాతా అని చెప్పి, చేతిలోని ట్యాబ్‌లో నా ఆధార్, పాన్ వివరాలు నింపి, మూడుసార్లు ఓటీపీ అడిగి తీసుకొని, పావుగంటలో ఖాతా తెరిచి వెళ్లాడు. హాస్టల్‌లో ఉన్న మా అబ్బాయి ఖర్చులకు పనికివస్తుందని నేనూ ఒప్పుకున్నాను.

జూన్ 8వ తేదీ శనివారం సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో వేరొక బ్యాంకు ఏటీఎంలో ఈ కార్డు పెట్టి పదివేలు తీయబోయాను. యంత్రం చాలాసేపు గరగరమని, చివరికి నోట్లు ఇవ్వకుండానే కార్డు వెనక్కి ఇచ్చింది. చీటీ రాలేదు గానీ, ఖాతాలోంచి పదివేలు తగ్గినట్టు ఫోనుకు సందేశం మాత్రం వెంటనే వచ్చింది. అప్పుడు ఖాతాలో ఉన్నవి పద్నాలుగు వేలు, మిగిలినవి నాలుగు వేలు. ఆ రాత్రే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సోమవారం శాఖకు వెళితే, ఇది ఫోన్‌లోనే పరిష్కారం కావాలి, ఇక్కడ మా చేతిలో ఏమీ లేదన్నారు. ఫోన్‌లో అడిగితే, మీ శాఖను సంప్రదించండన్నారు. ఆ ఏటీఎం ఎవరిదో ఆ బ్యాంకుకు వెళితే, కార్డు మాది కాదు గనుక మేము ఫిర్యాదు తీసుకోమన్నారు. జూన్ 24న ‘లావాదేవీ విజయవంతమైంది, ఫిర్యాదు ముగించాము’ అని ఒక సందేశం వచ్చింది. ఎవరికి విజయవంతమైందో అందులో లేదు.

దీని మీద ఇంకొకటి జరిగింది. జూన్ నెలలో సగటు నిల్వ పదివేల కంటే తగ్గిందని చెప్పి జూలై మొదటి వారంలో 590 రూపాయలు కోశారు. ఆ నిల్వ తగ్గడానికి కారణం నా చేతికి రాని ఆ పదివేలే. ఈ మాట శాఖలో చెబితే, అక్కడి అమ్మాయి తెరవైపు చూస్తూ ‘సిస్టమ్ కట్ చేస్తుంది సార్’ అన్నది. నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ కొత్త మనిషే కనిపించాడు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. మేనేజరు ఎప్పుడు వెళ్లినా మీటింగులోనే ఉంటారు. ఖాతా తెరిచిన కుర్రవాడికి ఫోన్ చేస్తే, తాను ఆ ఉద్యోగం మానేసి ఇంకో బ్యాంకు పనిలో చేరానని, వీలుంటే అక్కడ కూడా ఒక ఖాతా తెరవమని మర్యాదగానే అడిగాడు.

డబ్బు పోయిన బాధ కంటే, నా మాట వినే బాధ్యత ఎవరిదో తేలకపోవడం ఎక్కువ బాధగా ఉంది. రెండు నెలలు కావస్తోంది. నేను ఎవరికి, ఏ రూపంలో రాస్తే పని జరుగుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఎనుమాముల వ్యాపారి (2024 ఆగస్టు 4)

సార్, నా సలహా ఒక్కటే. మిగిలిన నాలుగు వేలు తీసేసుకొని, ఖాతా మూసేసి, పాత బ్యాంకుకే వెళ్లండి. మార్కెట్ యార్డులో మిర్చి సీజన్ నడిచే నెలల్లో మాకు ఒక్క పూట డబ్బు ఆగినా రైతు ముందు తల ఎత్తుకోలేము. అందుకే అద్దాల తలుపులు, చల్లగాలి చూసి నేను బ్యాంకు మార్చను. క్యాషియర్ నన్ను పేరు పెట్టి పిలిచే చోటే నా కరెంట్ ఖాతా ఉంటుంది.

పదివేల కోసం మీరు ఇంకో నాలుగు నెలలు తిరిగితే, పెట్రోలుకూ సెలవులకూ అంతే అవుతుంది. లేదంటే ఎక్స్ (పాత ట్విట్టర్)లో ఆ బ్యాంకు పేరు పెట్టి, మీ ఫోన్ నంబరుతో సహా నలుగురికీ తెలిసేలా రాయండి, పరుగెత్తుకొస్తారు.

కాజీపేట పెన్షనర్ (2024 ఆగస్టు 4)

సార్ గారూ, నేను రైల్వేలో పనిచేసి రిటైరైన వాణ్ణి. బ్యాంకులతో నాకున్న అనుభవంలో నేర్చుకున్నది ఒకటే: నోటిమాట బ్యాంకులో చెల్లదు, ముద్ర ఉన్న కాగితమే చెల్లుతుంది.

కొన్నేళ్ల క్రితం నవంబరులో నేను లైఫ్ సర్టిఫికెట్ స్వయంగా తీసుకువెళ్లి కౌంటర్‌లో ఇచ్చి వచ్చాను. రసీదు అడగడం నాకు నామోషీగా అనిపించింది, ఎందుకంటే అక్కడి గుమాస్తా మా కాలనీవాడే. డిసెంబరులో పెన్షన్ రాలేదు. వెళ్లి అడిగితే మీరు సర్టిఫికెట్ ఇవ్వనే లేదన్నారు. ఇచ్చానని రుజువు చేయడానికి నా దగ్గర నా ముఖం తప్ప ఇంకేమీ లేదు. బతికే ఉన్నానని కౌంటర్ ముందు నిలబడి చెప్పుకోవలసి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. లైఫ్ సర్టిఫికెట్‌కు సంతకం పెట్టిన రసీదు ఇవ్వడం బ్యాంకు విధి అని, ప్రభుత్వ పెన్షన్ ఆలస్యంగా జమ చేస్తే ఏడాదికి 8 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయని తర్వాత ఒక మిత్రుడు చెబితే తెలిసింది. ఆనాటి నుంచి ఏ కాగితం ఇచ్చినా రెండు ప్రతులు తీసుకువెళ్లి, రెండో దాని మీద తేదీతో, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోనిదే కుర్చీలోంచి లేవను.

మీరు ఇన్నిసార్లు వెళ్లినా ఒక్క అర్జీ అయినా రాతపూర్వకంగా ఇచ్చినట్టు మీ మాటల్లో కనిపించలేదు. ముందు ఆ పని చేయండి.

వ్యాపారి గారి రెండో సలహా మాత్రం దయచేసి పాటించకండి. ఫోన్ నంబరు నలుగురిలో పెడితే, బ్యాంకు కంటే ముందు మోసగాళ్లు ఫోన్ చేస్తారు. మా పక్కింటాయన ఇలాగే రాస్తే, పది నిమిషాల్లో ‘కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి’ అని ఒకడు పిలిచాడు. అదృష్టవశాత్తూ ఆయన కోడలు పక్కనే ఉండి ఫోన్ లాక్కుంది. అటువంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

కౌంటర్ వెనక మనిషి (2024 ఆగస్టు 5)

నేను బ్యాంకు ఉద్యోగిని, మీరు చెబుతున్న బ్యాంకు కాదు. మా తప్పులను సమర్థించడానికి రాలేదు, కానీ శాఖలో జరిగేది కొంత చెబితే మీ అర్జీ ఎలా రాయాలో తేలికవుతుంది.

కొత్త శాఖల్లో చాలాచోట్ల ఉండేది నలుగురైదుగురు. వాళ్లకు ఉదయం మీటింగులో అడిగేది ఎన్ని ఖాతాలు తెరిచారు, ఎన్ని పాలసీలు చేశారు అన్నదే గానీ, ఎన్ని ఫిర్యాదులు తీర్చారు అన్నది కాదు. ఇంటికి వచ్చి ఖాతా తెరిచేవారిలో చాలామంది బయటి ఏజెన్సీ వాళ్లు. మీకు ప్రతిసారీ కొత్త ముఖం కనిపించడానికి కారణం అదే. ఏటీఎం వివాదాన్ని తేల్చే విభాగం వేరే ఊళ్లో ఉంటుంది, శాఖవారి తెరమీద దాని స్థితి కనిపిస్తుందంతే. అయినా, ‘మా చేతిలో ఏమీ లేదు’ అనడం తప్పు. అర్జీ తీసుకొని, నమోదు చేసి, పైకి పంపడం వాళ్ల చేతిలో ఉన్న పనే.

ఇక అసలు విషయం. ఏటీఎం ఎవరిదైనా, కార్డు ఇచ్చిన బ్యాంకే మీకు జవాబుదారీ. అందువల్ల ఆ రెండో బ్యాంకు మిమ్మల్ని వెనక్కి పంపడంలో తప్పు లేదు. యంత్రంలో పెట్టిన నగదును, అది నమోదు చేసుకున్న లావాదేవీల జాబితాను సరిపోల్చినప్పుడు, మీకు రాని పదివేలు అక్కడ మిగులుగా తేలాలి. మొదటి విడతలో అవతలి బ్యాంకు ‘విజయవంతం’ అని జవాబిస్తే, మీ బ్యాంకు చాలాసార్లు దాన్నే మీకు పంపి చేతులు దులుపుకుంటుంది. కానీ వివాదం అంతటితో ముగియదు. కావాలనుకుంటే మీ బ్యాంకు దాన్ని మళ్లీ పైకి తీసుకువెళ్లవచ్చు.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం ఏటీఎంలో ఖాతా నుంచి డబ్బు తగ్గి నోట్లు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు ఆ మొత్తం తిరిగి జమ కావాలి. అవి పనిదినాలు కావు, క్యాలెండర్ రోజులు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అది కూడా మీరు అడగకుండానే, వాళ్లంతట వాళ్లే జమ చేయాలి. మీ విషయంలో గడువు జూన్ 13తో ముగిసింది, 14 నుంచి లెక్కపెట్టండి. ఈ సంగతి మా కస్టమర్లలో నూటికి ఒక్కరికి తెలిస్తే ఎక్కువ, తెలియజేసే తొందర మావాళ్లకు అంతకన్నా తక్కువ.

590 రూపాయల సంగతి. అది 500 జరిమానా, దాని మీద 18 శాతం జీఎస్టీ. కనీస నిల్వ తగ్గితే ముందుగా మీకు సందేశం ద్వారానో ఉత్తరం ద్వారానో తెలియజేసి, నిల్వ సరిచేసుకోవడానికి నెల గడువు ఇచ్చి, అప్పటికీ సరిచేయకపోతేనే జరిమానా వేయాలని 2014 నవంబరులో వచ్చిన ఆదేశం 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. జూన్ సగటుకు జూలై మొదటి వారంలోనే కోశారంటే నెల గడువు ఎక్కడుంది? పైగా నిల్వ తగ్గింది వాళ్ల వివాదం వల్లనే. ఈ రెండు కారణాలూ విడివిడిగా రాయండి, కలిపి రాస్తే ఒకదానికే జవాబిస్తారు. పైసా ఉంచనక్కర లేదని ఆ కుర్రవాడు నోటితో చెప్పిన మాటను మాత్రం మీరు రుజువు చేయలేరు, దాని మీద ఎక్కువ రాయకండి. నిజంగా అటువంటి ఖాతా కావాలంటే ప్రాథమిక పొదుపు ఖాతా అని ఒకటి ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది, దానికి కనీస నిల్వ అక్కర లేదు.

అర్జీని మేనేజరు పేరుతో రాసి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ప్రతి అని కింద పేర్కొనండి. ఆ అధికారి పేరూ చిరునామా శాఖ గోడమీద నోటీసు బోర్డులో ఉండి తీరాలి. తేదీ, సమయం, ఏటీఎం ఉన్న చోటు, లావాదేవీ నంబరు, ఫిర్యాదు నంబరు రాయండి. ‘నిర్లక్ష్యం’, ‘దోపిడీ’ వంటి మాటలు వద్దు, అవి ఉన్న ఉత్తరాన్ని మేము కోపంగా ఉన్న కస్టమర్ అని పక్కన పెడతాం, అంకెలున్న ఉత్తరాన్ని పక్కన పెట్టడం కష్టం. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 2021 నవంబరు 12 నుంచి ఇది దేశమంతటికీ ఒకే పథకం, ఖర్చు ఏమీ లేదు, వకీలు అవసరం లేదు. రిజర్వు బ్యాంకు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో నేరుగా నమోదు చేయవచ్చు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఫోన్‌లో చేసిన ఫిర్యాదు కూడా రుజువు చూపగలిగితే చెల్లుతుంది, కనుక జూన్ 24 నాటి సందేశాన్ని చెరిపేయకండి. అయినా పెన్షనర్ గారు చెప్పిన ముద్ర ఉన్న కాగితమే మేలు, ఎందుకంటే 590 గురించి మీరు ఇంతవరకు ఎక్కడా నమోదు చేయలేదు.

వివాదం తేలే వరకు ఖాతా మూయకండి. ఇంకొక మాట. ఫిబ్రవరి నుంచి స్టేట్‌మెంట్ పూర్తిగా తీసి, ప్రతి వరుసా చదవండి. మూడు ఓటీపీలు అన్నారు, ఖాతా తెరవడానికి అన్ని అవసరమా అని నాకు అనుమానంగా ఉంది.

తెలుగు సార్, హనుమకొండ (2024 ఆగస్టు 5)

మీ అనుమానం నిజమైంది. జూన్ 27న 436 రూపాయలు ఒకసారి, 20 రూపాయలు ఒకసారి తగ్గాయి. పక్కన ఉన్న పొడి అక్షరాలు నాకు అర్థం కాలేదు. పదివేల ధ్యాసలో ఉండి వీటిని గమనించనే లేదు. ఇవి ఏమిటి?

కౌంటర్ వెనక మనిషి (2024 ఆగస్టు 5)

436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాది ప్రీమియం, 20 ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణించినా రెండేసి లక్షలు ఇచ్చే పథకాలు. పథకాలు మంచివే, అడగకుండా చేర్చడమే తప్పు. ఒక మనిషి ఒక్క ఖాతా ద్వారానే వీటిలో చేరాలి. మీ జీతం ఖాతా నుంచి ఇప్పటికే కడుతూ ఉంటే, ఈ రెండో ప్రీమియానికి రెండో బీమా రాదు, ఆ డబ్బు వృథా. పాత పాస్‌బుక్‌లో మే నెలాఖరు వరుసలు చూడండి. అక్కడా ఇవే అంకెలు ఉంటే, మీరు అంగీకరించినట్టు చూపే పత్రం నకలు ఇమ్మని అర్జీలో మూడో అంశంగా అడగండి.

తెలుగు సార్, హనుమకొండ (2024 ఆగస్టు 25)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవం పనులు మీదపడ్డాయి. పాత పాస్‌బుక్‌లో ఆ రెండు అంకెలూ ఉన్నాయి. ఆగస్టు 6న ఒక పూట సెలవు పెట్టి అర్జీ రెండు ప్రతులతో వెళ్లాను. పిల్లల పరీక్ష పత్రాలు దిద్దే అలవాటు ఉన్నవాణ్ణి గనుక, నా ఉత్తరంలోనే ఎర్ర కలంతో విశేషణాలన్నీ కొట్టేసి, ఒకటిన్నర పేజీకి తెచ్చాను.

ముద్ర అడగగానే కౌంటర్‌లో కొంచెం కలకలం రేగింది. మేము కాగితాలు తీసుకోము, మెయిల్ పెట్టండి అన్నారు. అయితే తీసుకోమని అదే కాగితం మీద రాసి సంతకం పెట్టండి అన్నాను. రెండు నెలల్లో మొట్టమొదటిసారి మేనేజరు గదిలోంచి బయటికి వచ్చారు. చూస్తే మా పెద్దబ్బాయి వయసు వాడు, ముఖంలో నిద్ర లేదు. అర్జీ నిలబడే పూర్తిగా చదివి, సర్క్యులర్ తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి, తానే ముద్ర వేసి ఇచ్చాడు. ‘ఇలా రాసి ఇచ్చి ఉంటే నేను జూన్‌లోనే పైకి పంపేవాణ్ణి సార్’ అన్నాడు. రాసి ఇమ్మని జూన్‌లో నాకు ఎవరూ చెప్పలేదన్నాను. అతను దానికేమీ అనలేదు. అతని మీద నాకు కోపం నిలవలేదన్నది నిజం.

ఆగస్టు 20న పదివేలు జమయ్యాయి, మర్నాడు 590 కూడా. రోజుకు 100 చొప్పున పరిహారం మాత్రం ఒక్క రూపాయి రాలేదు. జూన్ 14 నుంచి ఆగస్టు 20 వరకు లెక్కపెడితే జూన్‌లో 17, జూలైలో 31, ఆగస్టులో 20, మొత్తం 68 రోజులు, అంటే 6,800 రూపాయలు. అడిగితే, అసలు మొత్తం వచ్చింది గనుక ఫిర్యాదు ముగిసిందని మెయిల్ పంపారు. బీమా గురించి, ఖాతా తెరిచిన రోజు ఓటీపీ ద్వారా నేను అంగీకరించానని ఒక వాక్యం రాశారు, పత్రం నకలు పంపలేదు. ఆ రోజు నేను సందేశాలలో అంకెలు మాత్రమే చూసి చెప్పాను, పైన ఏమి రాసి ఉందో చదవలేదు. వాక్యం చివరి వరకు చదవండని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి నేనే.

వ్యాపారి గారూ, మీరన్నట్టు పెట్రోలు ఖర్చయిన మాట నిజమే.

ఎనుమాముల వ్యాపారి (2024 ఆగస్టు 25)

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను సార్. 68 రోజులకు రోజుకు వంద ఇచ్చే వడ్డీవ్యాపారం మా యార్డులో కూడా లేదు. ఆ సర్క్యులర్ తేదీ నేనూ రాసి పెట్టుకున్నాను.

కౌంటర్ వెనక మనిషి (2024 ఆగస్టు 25)

ఆ మెయిల్‌నే బ్యాంకు తుది జవాబుగా భావించి, ముప్ఫై రోజులు ఆగకుండా పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. 6,800కు మీరు చూపిన లెక్క సరిగ్గా ఉంది, అలాగే రాయండి. 456ను వేరే పేరాలో రాసి, పాత పాస్‌బుక్ పేజీ ఫోటో జతపరచండి. ముద్ర ఉన్న అర్జీ, జూన్ 24 సందేశం, ఈ మెయిల్, స్టేట్‌మెంట్ ఉంటే చాలు. ఖాతా మాత్రం ఇప్పుడే మూయకండి.

తెలుగు సార్, హనుమకొండ (2024 ఆగస్టు 26)

రాత్రే నమోదు చేశాను, నంబరు వచ్చింది. పాస్‌బుక్ పేజీ ఫోటో సరిగా రాక మూడుసార్లు తీయవలసి వచ్చింది గానీ, మిగతాదంతా అరగంట పని. ఖాతా మూసే ఫారం కూడా శాఖ నుంచి తెచ్చుకొని నింపి బీరువాలో పెట్టాను. 6,800 జమ అయినట్టు సందేశం వచ్చిన రోజున దాని మీద సంతకం పెడతాను. ఆ సందేశాన్ని మాత్రం చివరి అక్షరం వరకు చదివే పెడతాను.